ఎండ రాని ఇంటికి కంద చుట్టాలు

మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోరు. తూర్పు కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క అపార్ట్‌మెంటు గోడ సున్నం వేళ్లకు అంటుతుంది. దక్షిణాన కార్లు పెట్టుకునే చోటు, పడమట మెట్లు. ఆకాశం కనిపించేది ఉత్తరం బాల్కనీలోంచి ఒక్కచోటే, అదీ తల పైకెత్తితే. మే నెలలో ఎవరొచ్చినా చెప్పులు విప్పుతూనే "అబ్బ, ఎంత చల్లగా ఉందండీ మీ ఇల్లు!" అంటారు. హైదరాబాద్ ఎండల్లో ఇంటికి అంతకు మించిన పొగడ్త లేదు. ఆ పొగడ్తకు పొంగిపోయి, మనుషులకే ఇంత హాయిగా ఉంటే మొక్కలకు ఇంకెంత హాయో అనుకున్నాను.

తులసి తెచ్చాను. మూడు నెలలకు పుల్ల మిగిలింది. గులాబీ రెండు మొగ్గలతో వచ్చింది, రెండూ విచ్చకుండానే రాలాయి. మల్లె సాగింది గాని పూయలేదు. చివరికి 'ఇండోర్ ప్లాంట్' అని చీటీ అంటించిన అరెకా పామ్ తెచ్చి సోఫా పక్క మూలన పెట్టాను. అది తీరిగ్గా ఏడాదిపాటు, ఒక్కో మట్టా కొస నుంచి ఎండుకుంటూ పోయింది.

మళ్లీ నర్సరీకి వెళ్తే అక్కడి పెద్దాయన ఒకే ప్రశ్న అడిగారు. గోదావరి యాస. "మీ ఇంట్లో వెల్తురు ఏ మూల ఎంత పడుద్దండీ?" నాకు తెలియదు. నాకే మొక్క ఇష్టమో తెలుసు, ఏ కుండీ ఏ కర్టెనుకు నప్పుతుందో తెలుసు, ఈ సంగతే తెలియదు. "అది చూసుకుని రండమ్మా, అప్పుడు మొక్క నేనిస్తాను" అన్నారు. అమ్ముకునే మనిషి కొనడానికొచ్చిన వాళ్లను ఉత్త చేతులతో పంపించడం నేను అదే చూడటం.

కన్ను చెప్పే అబద్ధం

వెలుతురు విషయంలో మన కన్నును నమ్మకూడదు. కంటిపాప మసక వెలుగులో పెద్దదై, ఎండలో చిన్నదై సర్దుకుంటుంది కాబట్టి గది మనకెప్పుడూ వెలుగ్గానే ఉన్నట్టుంటుంది. కొలిస్తే గాని బండారం బయటపడదు. నడి మధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు లక్ష లక్స్. అదే వేళ మా ఉత్తరం కిటికీ గట్టు మీద ఫోన్ యాప్ చూపించింది పదిహేను వందలు. అక్కడి నుంచి రెండు మీటర్లు లోపలికొస్తే మూడు వందలు. సోఫా మూల అరవై! ఫోన్లో ఉచితంగా దొరికే లక్స్ మీటర్ అసలు పరికరమంత కచ్చితంగా ఉండదు గాని, ఏ మూల ఏ మూలకన్నా నయమో చెప్పడానికి అది చాలు. నర్సరీలో షేడ్‌నెట్ కింద వేల లక్స్‌లో పెరిగిన అరెకా పామ్‌ను తెచ్చి నేను అరవైలో కూర్చోబెట్టానన్నమాట. పెళ్లి భోజనం తిన్నవాణ్ణి తెచ్చి రోజుకో మెతుకు మీద ఉంచినట్టు.

ఫోను అక్కర్లేదనుకుంటే ఇంకో పద్ధతుంది. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఆ మూల తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు ఎత్తులో అరచెయ్యి పట్టండి. నీడలో వేళ్లు విడివిడిగా తెలిస్తే అక్కడ చాలా మొక్కలు బతుకుతాయి. వేళ్లు కలిసిపోయి మసగ్గా చెయ్యి ఆకారం మాత్రం పడితే, ఇక్కడ చెప్పబోయే మొక్కల చోటది. నీడే పడకపోతే అక్కడ కొండపల్లి బొమ్మ పెట్టుకోండి. మొక్కే ఉండాలని పట్టుబడితే బల్బు తగిలించక తప్పదు. మామూలు 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బును మొక్కకు అడుగెత్తున రోజుకు 12 గంటలు వెలిగిస్తే నెలకు మూడు యూనిట్ల పైచిలుకు కరెంటు కాలుతుంది, అంతే.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఉత్తరం కిటికీ అంటే ఎండ పడని కిటికీ అని ఇంగ్లీషు తోటపని పుస్తకాలు రాస్తాయి. ఆ రాసేవాళ్ల ఊళ్లలో మధ్యాహ్న సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు. మనం కర్కట రేఖకు దిగువన ఉన్నాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి, నిలబెట్టిన కర్రకు నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. తొమ్మిది నెలలు నీడగా ఉన్న ఉత్తరం బాల్కనీలోకి సరిగ్గా మండే కాలంలో ఓ ఎండ చీలిక వచ్చి పడుతుంది. మొదటి ఏడు నాకది తెలియక, ఆకుల మీద కాలిన మచ్చలు చూసి పురుగనుకుని వేపనూనె కొట్టాను. నూనె పూసిన ఆకు ఎండలో ఇంకాస్త వేగింది.

మీదీ ఉత్తరం బాల్కనీయే అయితే మేలో కుండీలు రెండడుగులు లోపలికి జరపండి. ఆగస్టులో మళ్లీ బయటికి.

కంద వంశం

లెక్కలు కాగితం మీద రాసుకుని వెళ్తే పెద్దాయన చదివి, ఓ మూలకు తీసుకెళ్లారు. మనీప్లాంట్, జీజీ, అగ్లోనిమా, పీస్ లిల్లీ, సింగోనియం, ఫిలోడెండ్రాన్ వరసగా పెట్టున్నాయి. "ఇయ్యన్నీ మన కంద చుట్టాలేనండి" అన్నారు. నేను చదివిన పుస్తకాలన్నీ కలిసి చెప్పలేకపోయిన సంగతి ఆ ఒక్క మాటలో దొరికింది. నిజమే, వృక్షశాస్త్రం లెక్కలో ఇవన్నీ కంద, చేమ ఉన్న అరేసీ కుటుంబమే. పీస్ లిల్లీ తెల్ల పువ్వును చేమ పువ్వు పక్కన పెట్టి చూస్తే పోలిక ఇట్టే తెలుస్తుంది, నడుమ కండె, దాని చుట్టూ దొన్నెలాంటి రేకు. కోనసీమ కొబ్బరితోటల్లో చెట్ల నడుమ, మట్టల నీడన కంద వేస్తారు. ఈ చుట్టాల్లో చాలావాటి పుట్టిళ్లు కూడా అలాంటివే. పెద్ద అడవుల్లో ఆకాశాన్ని కమ్మేసిన చెట్ల కింద, జల్లెడ పట్టినట్టు రాలే వెలుతురుతో తరతరాలుగా కాపురం చేసినవి. మా హాలు వాటికి పెద్ద వింతేమీ కాదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటాం గాని, ఈ చుట్టాలందరికీ ఆ దురద ఉంది. ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కంద కోసేటప్పుడు చేతులను తినేసేవి ఇవే. నోట్లో పెట్టుకుంటే నాలుక మండి వాస్తుంది. ఇదే కుటుంబంలోని డైఫెన్‌బాకియా ఇందులో ఘనాపాఠి. అది నిమిషంలో ప్రాణం తీస్తుందని తిరిగే వాట్సాప్ మెసేజ్ గోరంతను కొండంత చేసిందే గాని, పాకే పిల్లలున్న ఇంట్లో, కుక్కపిల్ల ఉన్న ఇంట్లో ఈ మొక్కలను నేల మీద పెట్టకపోవడమే మంచిది. పిల్లాడు నమిలితే నోరు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

వీటిలో నీడ ఇంటికి, అందులోనూ నాలాంటి బద్ధకస్తులకు, మొదటి ఓటు జీజీకి వేస్తాను. పూర్తి పేరు జామియోకల్కాస్ జామీఫోలియా. నోరు తిరగకే లోకమంతా జీజీ అంటోంది. కెన్యా నుంచి దక్షిణాఫ్రికా ఈశాన్యం దాకా దాని సొంతగడ్డ. 1996 ప్రాంతంలో డచ్చి నర్సరీలు అమ్మకానికి పెంచడం మొదలుపెట్టేదాకా ఇళ్లలో దీన్ని పెద్దగా ఎరిగినవాళ్లు లేరు. అంటే మనకు చిన్నప్పుడు ఏ ఇంట్లోనూ కనిపించకపోవడంలో వింత లేదు. మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి. వానలు లేని నెలల కోసం నీళ్లు అందులో దాచుకుంటుంది. మాది కొన్నప్పుడు నాలుగు కాడలు. నెలకోసారి నీళ్లు పోస్తాను, చలికాలంలో మరిచిపోతాను. అది ఏమీ అనదు. ఏడాదికి ఒకటో రెండో కొత్త కాడలు వేస్తుంది, ఆ రావడం మాత్రం చూసి తీరాలి. లేతాకుపచ్చ ఈటె మొనలా మట్టిని పొడుచుకుని లేస్తుంది. కొన్నాళ్లపాటు పిడికిలి బిగించినట్టే నిలబడి, ఓ పొద్దున్నకు ఒక్కో ఆకూ విప్పడం మొదలుపెడుతుంది, మైనం రుద్దినట్టు మెరుస్తూ. ఓసారి రాలిన ఆకును తడి ఇసుకలో గుచ్చి వదిలేశాను. నెలల తరబడి అలాగే పచ్చగా నిలబడింది తప్ప కదలిక లేదు. పారేద్దామని లాగితే అడుగున శనగగింజంత దుంప! మళ్లీ గుచ్చేశాను.

మనీప్లాంట్ గురించి తెలుగువాళ్లకు చెప్పేదేముంది. పొరుగింట్లో దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందని నమ్మకం. దాని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మూరియా దీవి. ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లలో ఉన్నా దాని పువ్వు చూశామన్న వాళ్లు మనకు తగలరు. పూతకు కావలసిన జిబ్బరెలిన్ హార్మోను అందులో తయారుకావడం లేదని 2016లో పరిశోధకులు తేల్చారు. పూత లేదు కనక విత్తనమూ లేదు, మన ఇళ్లలో ఉన్నవన్నీ ముక్క నుంచి ముక్కగా చేతులు మారినవే. దొంగతనం దాని వంశవృద్ధికి మార్గమైందన్నమాట! నీడ మరీ ఎక్కువైతే కణుపుకూ కణుపుకూ దూరం పెరిగి, ఆకు చిన్నదై, పసుపు చారలు మాయమవుతాయి. అప్పుడు కిటికీ వైపు జరిపి, సాగిన తీగను కణుపు కింద కత్తిరించి అదే కుండీలో గుచ్చండి.

అగ్లోనిమా అందగత్తె, చలి మాత్రం ఓర్వదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. ఆకు ఎంత ముదురాకుపచ్చగా ఉంటే అంత నీడకు తట్టుకుంటుంది, ఎర్రవి, గులాబీవి కిటికీ దగ్గరే ఉండాలి. పీస్ లిల్లీ దాహమేస్తే నాటకం వేస్తుంది, మొత్తం సోలిపోయి నేలను తాకుతుంది. గ్లాసుడు నీళ్లు పోస్తే సాయంత్రానికల్లా లేచి కూర్చుంటుంది. మొక్కల భాష రానివాళ్లకు మంచి గురువు.

చుట్టం కాని స్నేహితుడు స్నేక్ ప్లాంటు. పశ్చిమాఫ్రికాది. పేరు సాన్సెవీరియా అని మనం నేర్చుకునేసరికి 2017లో శాస్త్రవేత్తలు డ్రసీనాలో కలిపేశారు. దాని దాయాది ఒకటి మన నేల మీద ఎప్పటినుంచో ఉంది, చాగ. చాగనారతో తాళ్లు పేనేవారు. సంస్కృతంలో అది మూర్వ. మూర్వ నారతో చేసింది కనకే అల్లెతాడుకు మౌర్వి అని పేరొచ్చింది. 1781 నుంచి సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ పేరు చాగ శాస్త్రీయ నామంలో నిలిచిపోయింది. పౌరాణిక నాటకాల్లో విల్లు ఎక్కుపెట్టినప్పుడల్లా మోగింది ఈ మొక్క బంధువేనని తెలిశాక, మా పడగ్గది గుమ్మం పక్కనున్న స్నేక్ ప్లాంటు మీద నాకు గౌరవం పెరిగింది. ఆకును ముక్కలు కోసి గుచ్చినా వేరేస్తుంది. పసుపు అంచున్న రకాన్ని అలా గుచ్చితే మాత్రం పిల్లకు ఆ అంచు రాదు, దుంపతో విడదీస్తేనే వస్తుంది. సగంమంది ఇక్కడ మోసపోయామనుకుంటారు.

మా అమ్మకు ఈ పేర్లేవీ నచ్చలేదు. "ఒక్కటైనా పనికొచ్చేది పెట్టవే" అంది. అలా కిటికీ గట్టు మీదకు తమలపాకు తీగ వచ్చింది. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో అవిశ చెట్లు వేసి, వాటి నీడన, వాటి మీదికే తీగ పాకిస్తారు. నేరుగా ఎండ తగిలితే ఆకు పాలిపోతుంది. ఇది మాత్రం నీళ్లడుగుతుంది, తేమ అడుగుతుంది, వదిలేస్తే పెరిగే రకం కాదు. అయినా శ్రావణమాసంలో తాంబూలానికి ఇంట్లో తుంచిన ఆకులు పెట్టినప్పుడు అమ్మ మొహం చూశాక దాని పని నాకు పనిలా అనిపించడం లేదు.

కొనకూడనివి? అరెకా పామ్ సంగతి చెప్పాను. బోస్టన్ ఫెర్న్ ఏసీ గదిలో పొడిబారి ఇల్లంతా ఆకుపొడి రాలుస్తుంది. కెలాథియాకు బోరు నీళ్లు పడవు, అన్నిటికీ అలుగుతుంది. కలబంద, బుల్లి కుండీల సక్యులెంట్లు ఎండ బిడ్డలు. ఇక చలిదేశాల్లో ఉన్న మనవాళ్లు శీతాకాలంలో కరివేపాకు కుండీని లోపలికి తెచ్చి, అది ఆకు రాల్చేస్తే కంగారుపడి నీళ్లు గుమ్మరిస్తారు. వెలుగు, వెచ్చదనం తగ్గితే అది నిద్రపోతుంది, నీళ్లు తగ్గించి వసంతం దాకా ఆగడమే. అక్కడి చల్లటి, చీకటి గదికి ఆస్పిడిస్ట్రా ఉంది. గ్యాసు దీపాల పొగలో, బొగ్గు కుంపట్ల మధ్య విక్టోరియా రాణి కాలపు బ్రిటిష్ ఇళ్లలో బతికింది కనకే దానికి 'కాస్ట్ ఐరన్ ప్లాంట్' అని పేరు.

చెంబు

నీడ ఇంట్లో మొక్కలను చంపేది నీడ కాదు, చెంబు. వెలుగు తక్కువైతే మొక్క తక్కువ వండుకుంటుంది, తక్కువ తాగుతుంది. ఇల్లు చల్లనైతే మట్టిలోంచి ఆవిరీ తక్కువే. మనం మాత్రం డాబా మీది మందారానికి పోసినట్టే రోజూ పోస్తాం. మట్టి రంధ్రాల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలబడి, వేళ్లకు ఊపిరాడదు. ఆకు వాడుతుంది. వాడింది కదాని మళ్లీ పోస్తాం. "దాహం లేనోడి నోట్లో నీళ్లు పోస్తా ఉంటే ఏమవుద్దండీ?" అన్నారు పెద్దాయన.

ఏమవుతుందో మా మొదటి అగ్లోనిమా చూపించింది. కింది ఆకులు రెండు పసుపు తిరిగాయి. కుండీ పక్కకు వాల్చి తడితే మట్టిగడ్డ మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. బంకమట్టి, పిసికితే పకోడీ పిండిలా ముద్దవుతోంది. మురిక్కాలువ వాసన. తెల్లగా గట్టిగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపల దారం మిగిలింది. కుళ్లినవన్నీ కత్తిరించి, ఓ పూట నీడన ఆరబెట్టి, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, ముతక ఇసుక సమంగా, గుప్పెడు వానపాముల ఎరువు కలిపి మళ్లీ నాటాను. కుండీ కూడా చిన్నది చేశాను. వేళ్లు అందుకోలేనంత మట్టి ఉంటే అదంతా ఊరికే తడిసి కూర్చుంటుంది. మొక్క దక్కింది. ఇప్పుడు నియమం ఒకటే, చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించాలి, తడి తగిలితే ఆ రోజుకు వదిలేయాలి.

నర్సరీ సరుకు గురించి ఇంకో మాట. హైదరాబాద్‌లో అమ్మే మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక నర్సరీలు. గోదావరి గాలి తేమలో పెరిగి, లారీలో వచ్చి, మన పొడిగాలిలో పడతాయి. మొదటి నెలలో రెండు మూడు ఆకులు రాలుస్తాయి. కొత్తకోడలికి కూడా ఆ మాత్రం సమయమిస్తాం కదా. వచ్చిన వారానికే కుండీ మార్చడం, ఎరువు వేయడం వద్దు.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడతాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్లు పట్టి వాడుతున్నాను, గాలిలోని తేమ చల్లబడి కారినవే కనక అందులో ఉప్పుండదు. ఆర్వో వదిలేసే నీళ్లు దానికి వ్యతిరేకం, ఉప్పంతా వాటిలోనే. బియ్యం కడుగు, టీ పిప్పి డాబా మొక్కలకు పోయండి. హాల్లో పోస్తే మట్టి పులిసి, మొహం చుట్టూ తిరిగే చిట్టి నల్లదోమలు పుడతాయి.

గాలి కబుర్లు

"ఇవి గాలిని శుభ్రం చేస్తాయట కదా?" అని అడగని చుట్టం లేడు. ఈ మాటకు మూలం 1989లో నాసా చేసిన అధ్యయనం. మూసేసిన చిన్న పెట్టెల్లో మొక్కలుంచి, విషవాయువులు తగ్గడం చూశారు. మన ఇల్లు మూసిన పెట్టె కాదు, తలుపులు, కిటికీలు, సందులు ఉంటాయి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ దగ్గర పెట్టుకుని 2019లో లెక్కగట్టారు. మామూలు గాలి రాకపోకలు చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా కావాలట. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి తక్కువలో తక్కువ తొమ్మిది వందలపైన! కిటికీ తెరవడం తేలిక. స్నేక్ ప్లాంటు రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందన్నదీ అంతే. అది రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ దాచుకునే మాట నిజం, కానీ ఆక్సిజన్ పుట్టడానికి వెలుగు ఉండాల్సిందే.

గాలికి ఉపయోగం లేకపోయినా దోమలకు ఉపయోగపడే ప్రమాదం ఉంది. సీసాల్లో పెట్టిన మనీప్లాంట్, కుండీ కింది పళ్లెం డెంగ్యూ దోమకు పురుటిల్లు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. 2020లో తెలంగాణలో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అంటూ నిలవనీళ్లు పారబోయించిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ కార్యక్రమం మాటెలా ఉన్నా మా ఇంట్లో ఆ అలవాటు పోలేదు. సీసాల్లో పాచినీళ్లు ఒలకబోసి, వేళ్లు కడిగి, సీసా లోపలి గోడను కూడా కడగాలి, గుడ్లు అంటుకునేది దానికే.

మీరూ ప్రతి ఆదివారం పళ్లేలు వంచేసి, కుండీల్లో వేలు దించి చూడండి. తడి తగిలితే చెంబు ఎత్తకండి.